నువ్వుగింజంత గుర్తు

దగ్గరికి జరగండి. ఇంకొంచెం. ముందు నిలబడ్డవాళ్ళు కూర్చోండి, మీ వెనకవాళ్ళకి మీ వీపు తప్ప కథ కనపడదు. పక్కవాడితో తగాదా తర్వాత చూసుకుందురు గాని, అదెక్కడికీ పారిపోదు. దగ్గొచ్చేవాళ్ళు ఇప్పుడే దగ్గేయండి. అయిందా? ఇక నోటికి తాళం వేయడం, చెవులకి గొళ్ళెం తీయడం.

నాణెం పోయింది.

శుక్రవారం. పొద్దున 11 గంటల 20 నిమిషాలు. నాణేల మ్యూజియం, మొదటి అంతస్తు, నాణేలు శుభ్రం చేసే గది. క్యూరేటర్ గారు సొరుగు లాగారు. లోపల పచ్చగుడ్డ పరిచిన ట్రే. ట్రేలో నలభై గుండ్రటి గుంటలు. ముప్పై తొమ్మిదింటిలో నాణేలున్నాయి. నలభయ్యో గుంట నోరు తెరుచుకుని ఆయన్నే చూస్తోంది.

ఆయన పెట్టిన కేకకి వీధిలో పోతున్న బస్సు ఆగిపోయింది. డ్రైవరు ఎవరో ఎక్కాలేమో అనుకుని రెండు నిమిషాలు కాచుకుని మరీ వెళ్ళాడట.

11.25కి తలుపులు మూశారు. 11.50కి ఇన్‌స్పెక్టర్ వచ్చింది.

ఆవిడని స్టేషన్‌లో జల్లెడ అంటారు. ముఖాన కాదు, చాటుగా. ఆవిడ చేతిలో పడ్డ కేసు రాయి రాయిగా, నూక నూకగా విడిపోవాల్సిందే. ఆవిడ వెనకాలే హెడ్ కానిస్టేబుల్. రిటైర్‌మెంట్‌కి ఏడు నెలలుంది. ఆయన మెట్లెక్కి పైకొచ్చాడు గాని ఊపిరి కిందే ఉండిపోయింది. అదొచ్చేదాకా గోడకి ఆనుకుని ఎదురుచూశాడు.

"బంగారమా?" అంది ఇన్‌స్పెక్టర్.

"కాదు మేడం. కంచు," అన్నాడు క్యూరేటర్.

"ఎంత సైజు?"

"చొక్కా బొత్తాం కన్నా కాస్త పెద్దది."

"మరి ఎందుకండీ ఇంత ఏడుపు?"

క్యూరేటర్ కుర్చీలో కూలబడ్డాడు. చెప్పాడు.

పదహారు, పదిహేడు వందల ఏళ్ళ కిందటి రోము రాజుల నాణెం అది. ఒకవైపు రాజుగారి తల. రెండోవైపు ఇద్దరు సిపాయిలు, మధ్యలో ఒక జెండా. ఆ కాలంలో రాజులు కొత్తగా క్రీస్తు మతం వైపు తిరిగారు. తిరిగారంటే ఒక్కసారిగా తిరగలేదు. కొన్ని నాణేల మీద పాత సూర్యదేవుడు, కొన్నిటి మీద కొత్త దేవుడి గుర్తు. రెండు పడవల మీద చెరో కాలు. ఆ గుర్తు కూడా ఎలాంటిది? ఒక గుణకారం గుర్తు, దాని మధ్యలోంచి నిలువుగా ఒక కర్ర, కర్ర తలకి చిన్న వంపు. క్రీస్తు పేరులో మొదటి రెండు గ్రీకు అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కించారన్నమాట. ఒక్కో నాణెం మీద రాజు శిరస్త్రాణానికి, ఒక్కోదాని మీద డాలుకి, ఒక్కోదాని మీద జెండాకి.

"మా నాణేలన్నీ ఒకే కుండలో దొరికాయి మేడం. అన్నీ ఒకే టంకశాలవి. ఆ టంకశాల జెండా మీద ఉత్త చుక్క తప్ప ఇంకేమీ పెట్టలేదని పుస్తకాలన్నీ అంటాయి. మూడు వారాల కిందట ఈ గదిలో పనిచేసే మా పుల్లతాత ఒకదాన్ని శుభ్రం చేస్తే, చుక్క ఉండాల్సిన చోట ఈ గుర్తు బయటపడింది. నువ్వుగింజంత."

"అయితే?"

"అయితే ఏంటి మేడం! ఈ నెలాఖరుకి మ్యూజియం మూసేయమని పైనుంచి ఆర్డర్ వచ్చింది. నాణేలన్నీ పెట్టెల్లో పెట్టి గోడౌన్‌కి పంపేయాలి. ఈ గుర్తు దొరికిందని రాస్తే ఆర్డర్ ఆపారు. సాయంత్రం నాలుగింటికి ప్రొఫెసర్ గారు వస్తున్నారు. ఆయన చూసి నిజమని సంతకం పెడితే మా తలుపులు తెరిచే ఉంటాయి. పెట్టకపోతే..."

మిగతాది ఆయన చెప్పలేదు. గోడ మీద గడియారం చెప్పింది. 12.05.

ఆఖరుసారి నాణెం చూసింది ఆయనే, 10.35కి. అక్కణ్ణించి 11.20 దాకా భవనంలో అయిదుగురు. క్యూరేటర్. పుల్లతాత. టిక్కెట్లు ఇచ్చే ఆవిడ, ఆవిడ పుల్లతాతకి కోడలు. పాత నాణేల వ్యాపారి ఒకాయన, ఒంటినిండా అత్తరు. ఆయన గదిలోకి రాకముందే ఆయన వాసన వచ్చి కుర్చీ వేసుకుంటుంది. అయిదోవాడు బట్టతల గొడుగాయన. వాన తగ్గేదాకా నిలబడదామని లోపలికొచ్చి పోలీసు కేసులో ఇరుక్కున్నాడు. ఆ మ్యూజియానికి అయిదుగురంటే తిరునాళ్ళే.

సెర్చ్ మొదలైంది. జేబులు, చెప్పులు, సంచులు, టిఫిన్ డబ్బా. కిటికీలకి ఇనుప జాలీ, దోమ కూడా నడుం వంచి దూరాలి. హెడ్ కానిస్టేబుల్ గొడుగు విప్పి దులిపాడు. గొడుగులోంచి చారెడు నీళ్ళు ఆయన బూట్లలోనే పడ్డాయి.

నాణెం లేదు.

12.40. మొదట వ్యాపారి.

"ఆ నాణెం కొంటానన్నారట?"

"మూడు వారాల కిందట అన్నాను. మర్నాడే వద్దన్నాను."

"ఎందుకు?"

"మనసు మారిందమ్మా."

"వ్యాపారి మనసు ఊరికే మారదు. చూశారా నాణేన్ని?"

"చూశాను. భూతద్దంతో."

"చూసి?"

అత్తరాయన గొంతు తగ్గించాడు. "నన్నడక్కండి. ముసలాయన నోటి దగ్గర కూడు పోతుంది. ప్రొఫెసర్‌కే వదిలేద్దామనుకున్నా."

"పొద్దున ఎక్కడున్నారు?"

"10.50 నుంచి కౌంటర్ దగ్గరే. ముసలాళ్ళకి సగం టిక్కెట్టే కదా అని ఆవిడతో వాదిస్తున్నా."

"మీ వయసెంత?"

"నలభై ఎనిమిది."

"మరి ముసలాళ్ళ టిక్కెట్టెందుకు?"

"వాన రోజున మోకాళ్ళకి డెబ్బయ్యండీ."

టిక్కెట్లావిడ వచ్చింది. వేళ్ళకి సిరా మరకలు. అవును, ఆయన 11.15 దాకా తన బుర్ర తిన్నాడు. లేదు, తను పైకి వెళ్ళలేదు. గొడుగాయన కూడా కింద హాల్లోనే, తన కళ్ళెదుటే ఉన్నాడు. నాణేలు నానబెట్టే గాజు కప్పుల మీద లేబుళ్ళు ఎవరు రాస్తారు? తనే. ప్రతి సోమవారం వారానికి సరిపడా రోజు పేరు వేసి ఒక కట్ట రాసి మామయ్యకి ఇచ్చేస్తుంది.

"ఆయన రాసుకోలేరా?"

"చేతి రాత బాగుండదండీ," అంది. గబుక్కున అంది. అవసరం కన్నా ఒక పిసరు గబుక్కున.

1.15. పుల్లతాత.

డెబ్బై ఒకటి దాటిన మనిషి. సన్నగా, తను చెక్కుకునే పుల్లలాగే ఉంటాడు. ఆయన పద్ధతి అది. ఇనుము ముట్టడు. మెత్తటి కర్రపుల్ల చెక్కి, మైక్రోస్కోప్ కింద నాణెం పెట్టి, మట్టి రేణువు రేణువుగా తీస్తాడు. ఒక్క నాణేనికి పది రోజులు. అంతకుముందు డిస్టిల్డ్ వాటర్‌లో, ప్రతి సోమవారం నీళ్ళు మారుస్తూ, వారాల తరబడి నానబెడతాడు. శుభ్రమయ్యాక గాలి తగలకుండా పల్చగా మైనం పూస్తాడు. ముప్పై నాలుగేళ్ళుగా ఇదే గది, ఇదే కుర్చీ. ఆయన లేస్తే కుర్చీ కూడా ఆయనతో లేస్తుందని చెప్పుకుంటారు.

"తాతా, 10.35 నుంచి ఈ గదిలో ఎవరున్నారు?"

"నేనేనమ్మా."

"బయటికెళ్ళారా?"

"11 గంటలకి టీ తాగడానికి కిందికెళ్ళా. పది నిమిషాలు."

"గదికి తాళం వేశారా?"

"మర్చిపోయా."

"ముప్పై నాలుగేళ్ళలో ఎన్నిసార్లు మర్చిపోయారు?"

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి కాగితం తీసి ముందు పెట్టింది. "ఇది గదిలో సామాన్ల లిస్టు. సరిగ్గా ఉందేమో చూడండి."

"ఆ పసుపు కాగితం మా కోడలికివ్వమ్మా, చదివి చెబుతుంది. నా కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది."

కాగితం తెల్లటిది. మల్లెపువ్వంత తెల్లటిది. ఇన్‌స్పెక్టర్ దాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.

2.10. మళ్ళీ సెర్చ్. మళ్ళీ సున్నా. క్యూరేటర్ గారు కిటికీ దగ్గర నిలబడి, ప్రొఫెసర్ కారు టైరు దారిలో పగలాలని కోరుకుంటున్నాడు. అంతలోనే అయ్యో పగలకూడదు అనుకుంటున్నాడు. దేవుడు కూడా ఏది రాసుకోవాలో తెలియక కలం పక్కన పెట్టి ఉంటాడు.

పొడుగాటి బల్ల మీద గాజు కప్పులు వరసగా ఉన్నాయి. ఒక్కో దాంట్లో ఒక్కో మట్టి నాణెం నానుతోంది. హెడ్ కానిస్టేబుల్ నుదురు తుడుచుకుంటూ బల్ల దగ్గరికొచ్చాడు.

"ఇన్ని టీలు పోసుకుని ఒక్కరూ తాగలేదేంటి మేడం వీళ్ళు?" అంటూ చివరి కప్పు అందుకున్నాడు.

"ఆగండి!"

కప్పు పెదాలకి జానెడు దూరంలో ఆగింది.

"నీళ్ళే కదా మేడం. దాహం చంపేస్తోంది."

"ఆ కప్పే ఎందుకు తీశారు?"

"మిగతావి టీ రంగులో ఉన్నాయి కదా. ఇందులో మంచినీళ్ళు."

ఇన్‌స్పెక్టర్ ఆ కప్పు వెలుతురులో పట్టుకుంది. లెక్కపెట్టింది. అది ముప్పై ఒకటోది. లేబుల్ మీద టిక్కెట్లావిడ చక్కటి రాత: సోమవారం. ఇవాళ శుక్రవారం. నీళ్ళు మాత్రం ఏడ్చిన కంటినీరంత తేటగా ఉన్నాయి. అడుగున నల్లటి మట్టిబెడ్డ లాంటి నాణెం.

ఆవిడ కప్పు ఉన్నచోటే పెట్టేసింది. హెడ్‌కి వేరే నీళ్ళు తెప్పించింది.

3.30కి అందర్నీ ఆ గదికి పిలిచింది. వ్యాపారి, క్యూరేటర్, తాత, కోడలు, గొడుగాయన. గొడుగాయన్ని ఇక పొమ్మన్నారు. వాన తగ్గినా ఆయన వెళ్ళలేదు. ఇంత ఆట టిక్కెట్టు లేకుండా ఇంకెక్కడ దొరుకుతుంది?

"తాతా," అంది ఇన్‌స్పెక్టర్. "ఒక్క ప్రశ్న. బల్ల మీద కప్పుల్లో నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి?"

"టీ రంగు."

"అన్నీనా?"

"అన్నీ. సోమవారం పోసినవి. శుక్రవారానికి ఆ రంగే వస్తుంది."

"చివరిది?"

"అదీ అంతే."

అందరూ చివరి కప్పు వైపు చూశారు. అయిదేళ్ళ పిల్లాడికైనా తేడా తెలుస్తుంది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మట్టి నాణెం నీళ్ళలో పడితే రంగు దిగుతుంది," అంది ఇన్‌స్పెక్టర్. "నాలుగు రోజుల్లో టీ అవుతుంది. ఇందులో దిగలేదు. అంటే ఈ నాణెం నాలుగు రోజులుగా నానడం లేదు. పైగా దీని మీద ఉన్నది మామూలు మట్టి కాదు. మైనంలో కలిపి పూసిన మట్టి. మైనం నీటిని ముట్టుకోనివ్వదు. ఈ గదిలో నాణేలకి మైనం పూసే చెయ్యి ఒక్కటే. లేబుళ్ళ కట్ట ఉండేది కూడా ఆ చేతిలోనే."

"అయితే తాతే దాచాడా?" క్యూరేటర్ గొంతు కీచుమంది. "ముప్పై నాలుగేళ్ళ అనుభవం మేడం! నీళ్ళు తేటగా ఉంటాయని ఆయనకి తెలీదా?"

"తెలుసు. కానీ ఆయనకి తేటగా కనపడలేదు. తెల్ల కాగితం పసుపుగా కనిపించింది. తేటనీళ్ళు టీగా కనిపించాయి. రెండు కళ్ళకీ శుక్లాలు ముదిరాయి. ఎన్నాళ్ళయింది తాతా?"

పుల్లతాత చేతులు బల్ల మీద పెట్టాడు.

"రెండేళ్ళు దాటిందమ్మా. నీళ్ళు రెండుసార్లు చూసుకున్నా కూడా. పక్కదానితో పోల్చి చూసుకున్నా. సరిగ్గా కలిసింది."

"మామయ్యా!" అంది కోడలు. "డాక్టరు దగ్గరికి వెళ్దామంటే దుమ్ము పడింది, దుమ్ము పడింది అన్నారే!"

"ఆపరేషనంటే నెల రోజులు కూర్చోమంటారే అమ్మాయ్. కూర్చుంటే ఈ కుర్చీ తీసేస్తారు. అయినా నా పని కళ్ళతో కాదు, పుల్ల కొసతో. కొస నాతో మాట్లాడుతుంది."

"మూడు వారాల కిందట ఏం చెప్పింది?" అంది ఇన్‌స్పెక్టర్.

"జెండా మీద చిన్న గుంట తగిలింది. గుంట పక్కన గీత. పుస్తకంలో ఆ గుర్తు ఇరవై ఏళ్ళుగా చూస్తున్నానమ్మా, ఒక్కటంటే ఒక్కటి నా చేతికి రాదా అని. మ్యూజియం మూసేస్తారన్న వారమే వచ్చింది. గుండె ఆగినంత పనైంది. పుల్లకి మట్టి కదల్లేదు. జీవితంలో మొదటిసారి సూది తీశా. రెండంటే రెండు గీతలు. మట్టి తీస్తున్నాననే అనుకున్నా. ఒట్టు."

"అనుమానం ఎప్పుడొచ్చింది?"

"బుధవారం. ఇంకో నాణెం మీద కూడా గుర్తు కనపడింది. సంతోషపడ్డా. మూడోదాని మీదా కనపడింది. అప్పుడు భయమేసింది. సూది ముట్టలేదు. నా చొక్కా బొత్తాం తెంపి మైక్రోస్కోప్ కింద పెట్టా."

"ఊఁ?"

"దాని మీదా ఉందమ్మా."

అత్తరాయన తల దించుకున్నాడు.

"ప్రొఫెసర్ చూస్తే తేలిపోతుంది," అన్నాడు తాత. "పోయిందంటే వెతుకుతారు. వెతుకుతున్నన్నాళ్ళు తలుపులు తెరిచే ఉంటాయి. పోయినదాన్ని అబద్ధమని ఎవరూ అనరు కదమ్మా. ఆ కప్పుని అక్కడే ఉండనివ్వకూడదూ?"

3.48. జల్లెడ అని పేరున్న మనిషి కప్పు వైపు చూసింది, గడియారం వైపు చూసింది. ఒక్క క్షణం ఆవిడకి కూడా ఉండనివ్వాలనిపించింది. కానీ జల్లెడ తన రంధ్రాలు తను మూసుకోలేదు కదా. కప్పులో వేళ్ళు ముంచి నాణెం తీసింది.

"నాణెం గది దాటలేదు. కాబట్టి దొంగతనం లేదు. FIR కూడా లేదు," అంది. "నా చేతిలో ఉన్నది అంతే తాతా."

క్యూరేటర్ నాణేన్ని లాక్కున్నంత పని చేశాడు. "తాతకి కళ్ళు కనపడవు సరే. అంతమాత్రాన గుర్తు అబద్ధమని ఎలా చెప్తారు? నిజంగానే ఉండొచ్చుగా! గుడ్డివాడి రాయి కూడా ఒకోసారి కాయకి తగులుతుంది!" వేడినీళ్ళు, దూది. మైనం కరిగింది. రాజుగారి తల బయటపడింది. ఇద్దరు సిపాయిలు బయటపడ్డారు. జెండా బయటపడింది. జెండా మీద గుర్తు. గుణకారం, కర్ర, వంపు. ఎంత అందంగా ఉందని!

సరిగ్గా నాలుగింటికి ప్రొఫెసర్ వచ్చాడు. టైరు పగల్లేదు.

ఆయన కోటు కూడా విప్పలేదు. మైక్రోస్కోప్ దగ్గర నిలబడే చూశాడు. ఒక నిమిషం. గదిలో ఆరుగురు ఊపిరి బిగబట్టారు. హెడ్ కానిస్టేబుల్ ఊపిరి ఎలాగూ మెట్ల దగ్గరే ఉంది.

"నాణేనికి వందల ఏళ్ళ చిలుము పట్టిన పచ్చచర్మం ఉంది," అన్నాడు ప్రొఫెసర్. "ఈ గీతల్లో ఆ చర్మం తెగి కంచు మెరుస్తోంది. ఇది కొత్త గీత. నెల కూడా కాలేదు."

"దాని కింద?" అన్నాడు క్యూరేటర్. "దాని కింద పాత గుర్తేమైనా..."

"చుక్క ఉండేది. అన్ని నాణేల మీదా ఉండే చుక్క."

"ఆ చుక్కైనా ఉందా?"

"లేదండీ. దాని మీదే గీశారు."

క్యూరేటర్ మెట్లు దిగి వెళ్ళి బయట వేలాడే 'తెరిచి ఉంది' బోర్డు వెనక్కి తిప్పాడు. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ తొమ్మిది రోజులు కూడా ఎందుకన్నట్టు తిప్పాడు. హెడ్ కానిస్టేబుల్ ఎవరూ చెప్పకుండానే పెట్టెలు మోయడానికి చెయ్యి వేశాడు. కప్పుల్లో ముప్పై నాణేలు ఇంకా నానుతున్నాయి. వాటిని తీసి తుడవాలో, అలాగే పారబోయాలో చెప్పేవాళ్ళు లేరు.

కోడలు తాత భుజం పట్టుకుని లేపింది. కుర్చీ ఆయనతో లేవలేదు. జనం చెప్పుకునేది అబద్ధమే.

"రేపే వెళ్దాం మామయ్యా. ఆపరేషన్ చేస్తే చూపొచ్చేస్తుందంటున్నారు. మళ్ళీ అన్నీ తేటగా కనపడతాయి."

"ఇప్పుడు తేటగా చూడ్డానికేముందే అమ్మాయ్," అన్నాడు తాత. తన పుల్లల కట్ట కోసం బల్ల మీద తడిమాడు. అది చేతికి అంగుళం దూరంలోనే ఉంది. తడిమి, దొరక్క, వదిలేశాడు. కోడలు అందించబోతే వద్దన్నట్టు తలూపాడు.

ఇన్‌స్పెక్టర్ తలుపు పక్కకి జరిగి దారిచ్చింది. చాలా కేసులు తేల్చింది గాని, తేల్చినందుకు సిగ్గుపడింది ఆ ఒక్కరోజే. మామా కోడళ్ళు ఒక్కో మెట్టూ దిగుతున్నారు. వాళ్ళ అడుగుల చప్పుడు కింద తలుపు దాటింది.

అప్పుడు బట్టతల గొడుగాయన గొడుగు చంకలో పెట్టుకుని, మైక్రోస్కోప్‌లోకి వంగి ఒక కన్ను మూసి చూసి, తెగ మెచ్చుకోలుగా తలూపుతూ అన్నాడు:

"చూపు లేకుండానే ఇంత పని చేశాడంటే, చూపుండి ఉంటే ఈ సిపాయిలిద్దరికీ మీసాలు కూడా పెట్టేసేవాడండీ!"